నిలిపిన బండి - నిలువని మనుష్యుడు

మొన్న ఒక సాయంకాలము బెజవాడ గవర్నరుపేటలో ఒక మిత్రుని చూడబోయి, వీధి యంచున బండి నిలిపి లోనికి పోయితిమి. గంటకు పిమ్మట తిరిగి వచ్చునప్పటికి మా కారు ఎడమ తలుపు లోనికి సొట్టపోయి యున్నది. వెనుక చక్రము మీది రేకు జానెడు మేర గీచుకొనిపోయినది. అద్దము క్రింద చీటి యేదైన నున్నదేమో యని వెదకితిమి, లేదు. ఎదుటనే టీబడ్డీ గలదు. నలుగురు నిలిచి టీ త్రాగుచున్నారు. బడ్డీ యజమానిని అడుగగా, "ఏదో ట్రాలీ ఆటో అండీ. వెనక్కి తీస్తూ తగిలించాడు. దిగి ఓసారి చూసి వెళ్లిపోయాడు" అనెను. నెంబరు చూచితివా యని యడిగితిమి. "మనకెందుకులెండి" అని యతని జవాబు. టీ త్రాగుచున్న వారిలో నొకరు మమ్ము ఓదార్పదలచి, "మీరుంటే వాణ్ణి పట్టుకొని నాలుగు తగిలించేవాళ్లమండీ" అనిరి.

ఈ రెండు మాటలను మేము ఇంటికి మోసికొనిపోయితిమి. సొట్ట కంటె ఇవియే మమ్మెక్కువ బాధించినవి. ఒకరు కన్నులార చూచియు నెంబరు చూడలేదు. మరియొకరు నెంబరు వ్రాసికొనరు గాని, యజమాని పక్షమున చేయి చేసికొనుటకు సిద్ధముగ నున్నారు. నెంబరును వ్రాసికొని, కొట్టక, తిట్టక, వచ్చినవానికి ఆ కాగితము నందిచ్చు మూడవ మనుష్యుడు ఆ వీధిలో లేడు. ఈ వ్యాసము ఆ మూడవ మనుష్యుని కొరకు వ్రాయబడుచున్నది.

ఇంత స్వల్పవిషయము ఈ పుటలకు తగునా యని కొందరు పాఠకులు శంకింపవచ్చును. దేశములో ఇంతకంటె పెద్ద గాయము లెన్నియో గలవు, నిజమే. కాని యొక ఊరి నడవడిని తెలిసికొనవలె నన్నచో పెద్దసభలలోని తీర్మానములను చూచుట చాలదు. యజమాని లేనిచోట అతని వస్తువునకు నష్టము చేసినవాడు ఏమి చేయునో చూడవలెను. ఎదుట నిలిచి యున్నవానికి నిజము చెప్పుటలో కొంత భయము, కొంత మొగమాటము పాలుగొనును. ఎవరును లేనప్పుడు చెప్పిన నిజమే మన సొంతము. ఆపియుంచిన బండి ఈ పరీక్షను మన వీధులలో ప్రతిదినమును పెట్టుచున్నది.

మన ఊరి వీధులను కొంచెము తలచికొందము. ఒకవైపు కొండ, ఒకవైపు కృష్ణ, నడుమ ఏలూరు కాలువ, బందరు కాలువ, రైవిస్ కాలువ. ఈ నడుమ మిగిలిన నేలమీద ఊరు పెరిగినది. వన్‌టౌను సందులు జట్కాబండ్ల నాటివి. నేడు ఆ సందులలోనే ఇరుప్రక్కల కార్లు నిలిచియున్నవి. నడుమ ఆటోలు, సరకుల ట్రాలీలు, మోటారు సైకిళ్లు ఒకదాని నొకటి ఒరసికొనుచు పోవుచున్నవి. దసరా దినములలో ఇంద్రకీలాద్రికి వచ్చు జనసమూహము చేరినచో ఇక చెప్పనక్కరలేదు. ఇట్టిచోట బండికి బండి తగులుట వింత గాదు. తగులుట తరచుగ పొరపాటు. తగిలిన పిమ్మట వెడలిపోవుట మాత్రము పొరపాటు గాదు; అది యొక నిర్ణయము.

ఈ విషయమున చట్టము ఏమి చెప్పుచున్నదో మనవారిలో చదువుకొన్నవారికి సైతము తెలియదు. న్యాయవాద వృత్తిలో నుండుటచే దీనిని కొంత వివరించుట మా విధి. 1988 నాటి మోటారు వాహనముల చట్టము 132వ సెక్షను ప్రకారము, మనుష్యునికి గాని, పశువునకు గాని, మరియొక బండికి గాని, ఆస్తికి గాని తన బండివలన ప్రమాదమో నష్టమో కలిగినపుడు, పోలీసు అధికారి కోరినచో నడుపువాడు బండి నాపి అచ్చట నుండవలెను. నష్టపడినవాడు అడిగినచో తన పేరును చిరునామాను, బండి యజమాని పేరును చిరునామాను చెప్పవలెను. 134వ సెక్షను ఇంకను ముందునకు పోవుచున్నది. పరుల ఆస్తికి నష్టము కలిగినపుడు, పోలీసు అధికారి అచ్చట లేనిచో, నడుపువాడే సమీపముననున్న పోలీసు స్టేషనుకు పోయి, సాధ్యమైనంత త్వరలో, ఎట్లైనను 24 గంటలలోపల, జరిగినది చెప్పవలెను; తన బీమా కంపెనీకి వ్రాతమూలకముగ తెలుపవలెను. పిలిచినపుడు పోవుట గాదు, తానై పోవుట. ఈ విధిని తప్పినవానికి 187వ సెక్షను క్రింద శిక్ష గలదు. 2019 సవరణ తరువాత ఆ శిక్ష ఆరు నెలల వరకు జైలు, లేక 5,000 రూపాయల వరకు జరిమానా, లేక రెండును. ప్రమాదమైన పిమ్మట బండి నాపవలయునను విధి నిన్న మొన్న పుట్టినది గాదు. 1939 నాటి మోటారు చట్టములోనే కలదు.

132వ సెక్షనులో ఒక చిన్న షరతు గలదు. దాని నెవరును గమనింపరు. నష్టపడినవాడు ఎదుటివాని పేరు అడుగవచ్చును. కాని అడుగువాడు తన పేరును చిరునామాను తానును చెప్పవలెను. అనగా చట్టము ఆ యిద్దరిని దొంగనుగా, పోలీసునుగా చూచుటలేదు. పరస్పరము పేర్లు చెప్పుకొనవలసిన ఇద్దరు పౌరులుగా చూచుచున్నది. మన వీధి ఆచార మిందుకు పూర్తిగా వ్యతిరేకము. దొరకినవానిని మొదట అడుగునది పేరు గాదు, "కళ్లు కనపడటంలేదా?" అను ప్రశ్న. తరువాతిది చెంపదెబ్బ.

ఈ మాటలు చెప్పుటకు మాకు అర్హత గలదా? లేదని ఒప్పుకొనుటయే న్యాయము. కొన్ని సంవత్సరముల క్రిందట వన్‌టౌనులో నొక సందునుండి బండిని వెనుకకు తీయుచుండగా నిలిచియున్న యొక పాతకారు వెనుకదీపము మా బంపరు తగిలి పగిలినది. వాయిదాకు ఆలస్యమగుచున్నది. చుట్టును చూచితిమి, ఎవరును లేరు. సాయంకాలము వచ్చి చూచెదము గాక యని మనస్సునకు చెప్పుకొని వెడలిపోయితిమి. సాయంకాలము పని పడినది. మరునాడు ప్రొద్దున పోయితిమి. ఆ కారు అచ్చట లేదు. ఇరుగుపొరుగుల నడిగితిమి, తెలియదనిరి. చట్టమును నోట వల్లెవేయు మేమే ఆ దినమున పోలీసు స్టేషనుకు పోలేదు, చీటి వ్రాయలేదు. జేబులో కలమున్నది, బండిలో కాగితముల కట్ట యున్నది. ఆ దీపము వెల కొన్ని వందల రూపాయలు. ఆ ఋణము నేటికిని తీరలేదు. ఎవరికి తీర్పవలెనో తెలియదు గనుక ఇక తీరబోదు. గవర్నరుపేటలో మా సొట్టను చూచినపుడు కోపము రాకపోలేదు. కాని ఆ ట్రాలీ నడుపువానిని తిట్టుటకు నోరు రాలేదు.

మా పారిపోవుట సోమరితనమువలన. పేదవాని పారిపోవుట తరచుగ భయమువలన. ఈ భేదమును గుర్తింపవలెను. ఒకనాడు గుడివాడ త్రోవలో కాలువగట్టు నొద్ద గుంపు కూడియుండగా దిగి చూచితిమి. అరువది యేండ్లు పైబడిన పాలవ్యాను డ్రైవరు, నిలిచియున్న యొక కారు వెనుక బంపరునకు వ్యానును తగిలించినాడట. తగిలించి, తానే ఆపి, కారు యజమాని ఎవరని విచారించినాడట. అదే అతడు చేసిన అపరాధము. యజమాని వ్యాను తాళములు లాగికొని, అప్పటికప్పుడు పదివేల రూపాయలు పెట్టుమనుచున్నాడు. గుంపులో నొకడు అతని కాలరు పట్టుకొనియున్నాడు. క్యానులలో పాలు ఎండకు విరుగుచున్నవి. మేము వకీలుమని చెప్పి, బ్రతిమాలి, ఇద్దరి పేర్లు నెంబర్లు వ్రాయించి పంపితిమి. తరువాత ఆటోనగరు షెడ్డులో ఆ బంపరును సరిచేసి రంగు వేయుటకైన ఖర్చు 1,800 రూపాయలు. పోవునపుడు ఆ వృద్ధుడు మాతో నన్నమాట యిది: "ఆగకుండా పోయుంటే బాగుండేది బాబుగారూ."

ఆ మాటకు మనయొద్ద జవాబు లేదు. ఆగినవానిని అవమానించి, ఆగనివానిని గాలికి వదలిపెట్టు ఊరిలో బుద్ధిమంతు డెవడును ఆగడు. 2024 జనవరి మొదటి దినములలో దేశమంతటను లారీ డ్రైవర్లు పని మానినపుడు వారు చెప్పిన సంగతియు ఇదియే. భారతీయ న్యాయ సంహిత 106వ సెక్షను రెండవ ఉపనిబంధన, మనుష్యుని గ్రుద్ది చంపి, తెలుపక పారిపోయినవానికి పది సంవత్సరముల వరకు శిక్ష విధించుచున్నది. ఆగినచో గుంపు మమ్ము చంపును, ఆగనిచో చట్టము మమ్ము చంపునని వారు మొరపెట్టిరి. 2024 జూలై 1వ తేదీన సంహిత అమలులోనికి వచ్చినపుడు ఆ యుపనిబంధన నొక్కదానిని నిలిపియుంచిరి. ప్రాణము పోయిన విషయమును సొట్టతో పోల్చుట మా యుద్దేశము గాదు. కాని మూలము ఒకటే: గుంపును చూచి భయపడువాడు న్యాయమునకు దొరకడు.

కావున మొదట బండి యజమానులతో నొకమాట. తాళములు లాగికొనుటకు, లైసెన్సు పట్టియుంచుటకు, ఫోను తాకట్టు పెట్టించుకొనుటకు మనకెవ్వరికిని అధికారము లేదు. పోవువానిని పోనీయక అడ్డగించుట, చేయి చేసికొనుట సంహిత ప్రకారము వేరు వేరు నేరములు. సొట్టపడిన కారుతో న్యాయముగ ఫిర్యాది కావలసినవాడు ఒక చెంపదెబ్బతో తానే ముద్దాయి యగుట మేము కోర్టులో చూచుచునే యున్నాము.

మరి యేమి చేయవలెను? క్రమముగ చెప్పెదము. మొదట, బండిని కదల్పక ముందే, రాకపోకలకు గొప్ప అడ్డము లేనిచో, ఫోనుతో బొమ్మలు తీయవలెను: సొట్ట దగ్గరనుండి, బండి దూరమునుండి, రెండు బండ్ల నెంబర్లు, బండి నిలిపిన స్థలము, ప్రక్కనున్న అంగడి బోర్డు. ఎదుటివాడున్నచో మన పేరు మనమే ముందు చెప్పి అతని పేరును, ఫోనును, లైసెన్సును, బీమా కాగితమును అడిగి వ్రాసికొనవలెను. ఎదుటివాడు పోయియున్నచో చూచినవారి పేర్లు తీసికొనవలెను. తరువాత ఆ వీధిలో కెమెరాలు గల అంగళ్లను చూచి, ఆ గంట నాటి చిత్రమును చెరిపివేయవలదని అంగడివారిని మర్యాదగ కోరవలెను. చాల కెమెరాలలో కొన్నాళ్లకు పాతచిత్రముపై క్రొత్తది పడును. వారము దినములు తాత్సారము చేసి పోయినచో ఉత్తచేతులతో రావలసివచ్చును.

నెంబరు దొరికినంత మాత్రమున మనిషి దొరకడు. పూర్వము నెంబరు ప్లేటు చూడగనే జిల్లా తెలిసెడిది: 16 అన్న కృష్ణా, 7 అన్న గుంటూరు, 37 అన్న పశ్చిమగోదావరి. 2019 నుండి రాష్ట్రమంతటికి ఒకే 39 వరుస పెట్టిరి. శ్రీకాకుళపు బండియు అనంతపురపు బండియు నొకే తీరున నుండును. యజమాని యెవరో విచారించి తెలిసికొను అధికారము పోలీసులది; 133వ సెక్షను క్రింద బండిని నడిపినదెవరో చెప్పవలసిన బాధ్యత యజమానిది. కావున వ్రాతపూర్వకముగ స్టేషనులో తెలుపవలెను. ఇచ్చిన కాగితమునకు రశీదు తీసికొనవలెను. ఇచ్చట నొక భ్రమ తొలగవలెను. పొరపాటున తగిలిన ప్రతి సొట్టయు క్రిమినలు నేరము గాదు. జనుల ప్రాణమునకు అపాయము కలుగునట్లు నిర్లక్ష్యముగ నడిపినచో సంహిత 281వ సెక్షను వచ్చును. కావలెనని పాడుచేసినచో 324వ సెక్షను వచ్చును. వట్టి పొరపాటునకు ఇవి రెండును రావు. ఎస్సైగారు మన బాకీ వసూలు చేసిపెట్టు గుమాస్తా గాడు. అచ్చట మనకు కావలసినది నమోదు. తక్కినది బీమావలనను, రాజీవలనను, ట్రిబ్యునలు వలనను జరుగవలెను.

బీమా విషయమున మనవారి అజ్ఞానము కొల్లలుగ నున్నది. ప్రతి బండికిని మూడవ వ్యక్తి బీమా యుండవలెనని చట్టము. అది తన బండికై చేసికొనునది గాదు. తనవలన నష్టపడు పరులకై చేసికొనునది. మనుష్యుల గాయములకే గాక పరుల ఆస్తికిని అది వర్తించును. సాధారణముగ ఇచ్చు పాలసీలలో కారునకు ఏడున్నర లక్షల రూపాయల వరకు, ద్విచక్రవాహనమునకు లక్ష రూపాయల వరకు పరుల ఆస్తినష్టమునకు పూచీ యుండును. తక్కువ ప్రీమియమునకు ఆశపడి దీనిని 6,000 రూపాయలకు తగ్గించుకొనినవారు ఒకమారు పాలసీ తీసి చూచికొనవలెను. కావున స్కూటరు తగిలించిన కుఱ్ఱవాడు తన నెలజీతమంతయు అచ్చటికచ్చట క్రుమ్మరింపనక్కరలేదు. అతని బీమా జీవించియున్నచో ఆ భారము కంపెనీది. ఈ సంగతి అతనికిని తెలియదు, అతని కాలరు పట్టుకొన్నవానికిని తెలియదు.

తగిలించినవాడు దొరకనపుడు మన సమగ్ర బీమాయే దిక్కు. బండిని మరమ్మతునకు విప్పక ముందే కంపెనీకి తెలుపవలెను. వారు పంపిన సర్వేయరు చూచిన పిదపనే పని మొదలుపెట్టవలెను. కాని స్వల్పమైన సొట్టకు బీమా నడుగుటకు ముందు కాగితము మీద లెక్క వేయుడు. చిన్నకార్లకు ప్రతి క్లెయిములోను మొదటి వేయి రూపాయలు మనవే. క్లెయిము లేకుండ గడపిన సంవత్సరములకు ఇచ్చు తగ్గింపు 20 శాతముతో మొదలై 50 శాతము వరకు పెరుగును. ఒక్క క్లెయిముతో అది పోవును. ఉదాహరణకు, సొంతనష్టము క్రింద ప్రీమియము 8,000 రూపాయలైనవాడు 50 శాతము తగ్గింపు పొందుచు 4,000 మాత్రమే కట్టుచున్నాడనుకొందము. 3,500 రూపాయల సొట్టకు క్లెయిము పెట్టినచో చేతికి వచ్చునది 2,500. మరుసటి యేట అదనముగ కట్టవలసినది 4,000. ఆటోనగరులో సొంత డబ్బుతో బాగుచేయించుకొనుటయే మేలు. తలుపే మార్చవలసి వచ్చినచో లెక్క తారుమారగును.

ఎదుటివాని కంపెనీనుండి పరిహారము పొందవలెనన్నచో మోటారు ప్రమాదముల ట్రిబ్యునలులో దరఖాస్తు పెట్టుకొనవచ్చును. ఆస్తినష్టము మాత్రమే యైనను ఆ తలుపు తెరచియే యున్నది. 2019 సవరణ ఆరు నెలల గడువు పెట్టినది. 2022 ఏప్రిలునుండి అది అమలులోనికి వచ్చినది. కాని మూడువేల రూపాయల రేకు కొరకు ట్రిబ్యునలు మెట్లెక్కు డని ఏ వకీలు సలహా ఇచ్చును? వాయిదాల ఖర్చు రేకు ఖర్చును మించును. ఇచ్చటనే ఏర్పాటులోని లోపము కనబడుచున్నది. పరులకై బీమా తప్పక చేయుమని చట్టము బలవంతపెట్టుచున్నది; చిన్ననష్టము పొందిన పరుడు ఆ సొమ్మును చేరుటకు దగ్గరిదారి మాత్రము లేదు. ఇద్దరును ఒప్పుకొని సంతకములు చేసిన కాగితము, బొమ్మలు, షెడ్డువారి అంచనా గలిగినచో, ఒక పరిమితి వరకు కంపెనీలు కోర్టుతో పనిలేక నేరుగ చెల్లించు పద్ధతి రావలెను. పోలీసు స్టేషనులలో కేవలము ఆస్తినష్టమునకై ఒక పుట ఫారము తెలుగులో నుండవలెను. 134వ సెక్షను ప్రకారము తానై వచ్చి చెప్పినవానిని కూర్చుండబెట్టి, నమోదు చేసికొని, మర్యాదతో పంపవలెను. అంతవరకు, మాటకు కట్టుబడు ఇద్దరున్నచో చట్టసేవాధికార సంస్థవారి లోక్ అదాలతు గలదు. 1987 చట్టము ప్రకారము అచ్చటి రాజీ సివిలు కోర్టు డిక్రీతో సమానము. కోర్టు ఫీజు లేదు.

ఇదంతయు నష్టపడినవాని పక్షమున చెప్పితిమి. అతని తప్పు నెవరు చెప్పవలెను? నిలిచియున్న బండి యన్నంత మాత్రమున నిరపరాధి యనుకొనుట పొరపాటు. కాలువవంతెన మొగదల, వీధి మలుపున, బడిగేటు నెదుట, పరుల వాకిట బండి నాపి, "నా బండి ఆగియున్నది, తప్పంతయు వచ్చినవానిదే" యనుట న్యాయము గాదు. ఇతరులకు అపాయము కలుగు స్థితిలో బండిని విడిచిపోరాదని ఆ చట్టమే 122వ సెక్షనులో చెప్పుచున్నది. ఊరిలో నిది గీతలతోను సొట్టలతోను పోవును. రహదారిమీద ప్రాణములతో పోవును. "ఆగియున్న లారీని ఢీకొని" యను శీర్షిక చూడని పత్రికాపాఠకుడు డెల్టాలో నుండడు. చెన్నై - కోల్‌కతా దారిలో ఏలూరు వైపున గాని, బందరు దారిలో గాని, రాత్రివేళ వెనుకదీపము లేని లారీ, కోతల దినములలో గడ్డి ఎత్తుకొని మార్గము నడుమ నాగిన ట్రాక్టరు ట్రక్కు - ఇవి వచ్చువానికి కడపటి నిముషము వరకు కనబడవు. ఇట్టి కేసులలో నిలిపినవాని నిర్లక్ష్యమును కోర్టులు లెక్కలోనికి తీసికొనుచున్నవి. నిలుపుటయు నడపుటలోని భాగమే. రైతుసోదరులు ట్రక్కు వెనుక ఎఱ్ఱని మెరుపుపట్టీ యొకటి అంటించినచో ఒక ఇంటి దీపము నిలుచును.

నిలిపినవాని బాధ్యత ఎంతదో మన ఊరు 2024 సెప్టెంబరులో కన్నులార చూచినది. ఒకవైపు బుడమేరు పొంగి సింగునగరు ప్రాంతమును ముంచినది; రెండవవైపు కృష్ణలో ప్రకాశం బ్యారేజీ చరిత్రలో నెన్నడును లేని 11 లక్షల 43 వేల క్యూసెక్కుల నీరు పారినది. ఆ వఱదలో పడవలు కొట్టుకొనివచ్చి బ్యారేజీ గేట్ల బరువుదిమ్మెలను గ్రుద్దినవి. డెల్టా కంతటికి నీరిచ్చు కట్టడము అది. దిమ్మెలను మార్చుటకు, గేట్లకు చిక్కుకొన్న పడవలను తీయుటకు ఇంజనీర్లు, ఈతగాండ్రు దినములకొలది శ్రమపడిరి. ఆ దినములలో ఊరెల్ల అడిగిన ప్రశ్న ఒకటే: పడవలు ఎవరివి? దానికి జవాబు కొరకు పోలీసు దర్యాప్తు కావలసివచ్చినది. గవర్నరుపేటలో మేమడిగిన ప్రశ్నకును దానికిని భేదము పరిమాణములోనే గలదు.

మనవారి స్వభావమే యింత, పాశ్చాత్యుల నీతి మనకు రాదని నిరాశపడువారు గలరు. వారికి మన డెల్టాబిడ్డలే జవాబు. గుడివాడనుండి, తెనాలినుండి, భీమవరమునుండి పోయి కాలిఫోర్నియాలో కార్లు నడుపుచున్నవారు వేలకొలది. యజమాని లేని బండికి తగిలించినవాడు తన పేరును చిరునామాను, జరిగినదానిని వ్రాసి ఆ బండిమీద కనబడునట్లు పెట్టి, పోలీసులకు తెలుపవలెనని అచ్చటి చట్టము. ఆ దేశములో చీటి వ్రాయుటకు వెనుదీయని చేయి, సంక్రాంతికి ఇంటికి వచ్చి అన్నగారి కారు నడుపునపుడు ఏల వ్రాయదు? చేయి అదే, రక్తము అదే. మారినది చుట్టునున్నవారి అలవాటు. జర్మనీలో నొక్క చీటి పెట్టిపోయినను చాలదు. తగినంతసేపు వేచియుండనివాడు నేరస్థుడే. అచ్చటివారు పుట్టుకతో పుణ్యాత్ములని మేమనుకొనము. ఆగినవాడు అచ్చట కాలరు పట్టుకొనబడడు. ఆగనివాని నెంబరును చూచినవాడు వ్రాసియిచ్చును. ఈ రెండును మన బెజవాడలో జరుగుటకు ఏ శాసనసభయు అక్కరలేదు.

కావున మా విన్నపము మువ్వురికి. తగిలించినవారికి: ఆగుడు. యజమాని కనబడనిచో కొంతసేపు చూచి, ఈ నాలుగు ముక్కలు వ్రాసి అద్దము క్రింద పెట్టుడు: "మీ బండికి నా బండి తగిలినది. నా పేరు ఇది, ఫోను ఇది, బండి నెంబరు ఇది, సమయము ఇది. మీరు కనబడలేదు. స్టేషనులో చెప్పుచున్నాను." పిమ్మట స్టేషనులో చెప్పుడు, చీటితో విధి ముగియలేదు. నష్టపడినవారికి: చేయి ఎత్తకుడు, తాళము లాగకుడు, మీ పేరు ముందు చెప్పుడు. ఎదుటివాడు రెక్కాడితే గాని డొక్కాడనివాడై, తానై యాగినవాడైనచో, బంపరుమీది గీతను మన్నించుటకు మీకు పూర్తి స్వాతంత్ర్యము గలదు. అది గుంపునకు భయపడి యిచ్చినది గాక, నిజమునకు మెచ్చి యిచ్చినదిగ నుండవలెను. చూచినవారికి: నెంబరు వ్రాసికొనుడు. "మనకెందుకు" అన్న మాట నేడు పరుల బండికి. రేపు మన బండికి. పఠనమందిరముల నిర్వాహకులు, అపార్టుమెంట్ల కాపలావారు, టీబడ్డీలవారు ఒక చీటిపుస్తకమును, దారము కట్టిన పెన్సిలును వీధివైపున వ్రేలాడదీయుట పెద్ద ఖర్చు గాదు.

మా కారులో నిప్పుడొక చీటిపుస్తక మున్నది. వన్‌టౌను దీపము బాకీ దానితో తీరదు. ఇంకొక బాకీ పడకుండుటకు పనికివచ్చును. గవర్నరుపేట ట్రాలీ నడిపిన సోదరునికి ఈ మాట ఎవరైన చదివి వినిపించినచో, అతడు మా పత్రికాలయమునకు నిర్భయముగ రావచ్చును. అతని బీమా కాగితము చూచెదము. లేనిచో ఆ మాటయే మాటలాడుకొందము. కాలరు పట్టువారెవరును ఇచ్చట నుండరు. చట్టము చెప్పినట్లు, మా పేరు మేమే ముందు చెప్పెదము.